మాల విరమించిన మరునాడు
(దీక్షాకాలంలో పొగాకు, కాఫీ అలవాట్లను గురించి)

కార్తికమాసం వచ్చిందంటే మన ఒంగోలు వీధులలోను, టంగుటూరు, కొండపి, పొదిలి ప్రాంతాల పల్లెలలోను నల్లని వస్త్రాలు ధరించిన అయ్యప్ప స్వాములు, ఎర్రని వస్త్రాలు ధరించిన భవానీలు దర్శనమిస్తారు. మాల మెడలో పడిన క్షణం నుంచి సిగరెట్టును, ఖైనీ పొట్లాన్ని పక్కన పెట్టడం వారందరూ పాటించే నియమం. ఇరవై ఏండ్లుగా రోజుకొక పెట్టె కాల్చిన మనిషి కూడ 41 రోజులు దాని జోలికి పోకుండా ఉండగలుగుతున్నాడు. ఇది సామాన్యమైన సంగతి కాదు. ఆస్పత్రులలో పొగ మాన్పించడానికి శ్రమించే వైద్యులు ఇట్టి ఫలితం కోసం ఎంతగానో పాటుపడుతుంటారు.

అయితే ఆలోచింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఆ స్వాములలోనే అనేకులు మాల విరమించిన రోజుననో, ఆ మరునాడో మరల సిగరెట్టు అందుకొంటున్నారు. నలభై ఒక్క రోజులు సాధ్యమైనది నలభై రెండవ రోజున ఎందుకు సాధ్యం కావడం లేదు? భక్తి చాలలేదనో, మనోబలం లేదనో తీర్పు చెప్పడం సులభమే. కాని అది న్యాయమైన తీర్పు కాదు. ఈ ప్రశ్నకు సమాధానం చాలవరకు మెదడులో ఉన్నది. దానిని తెలిసికొన్న స్వామికి నలభై రెండవ రోజును దాటే ఉపాయం కూడ తెలుస్తుంది.

మన నేలలో పండే మందు

పొగాకు మనకు పరాయి పంట కాదు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్లు తోలని రైతు కుటుంబం ఈ చుట్టుపట్ల అరుదు. ఆ రాబడితో పిల్లల చదువులు, పెళ్లిళ్లు జరిగినవి. దేవాలయాల హుండీలలో కూడ ఆ సొమ్ము కొంత ఉండక తప్పదు. అందుచేత ఈ వ్యాసం పంటను గాని, రైతును గాని నిందించడానికి ఉద్దేశించినది కాదు. ఆకులో ఉన్న పదార్థం మనిషి మెదడులో ఏమి చేస్తుందన్నదే ఇక్కడి విషయం.

ఆ పదార్థం పేరు నికోటిన్. 1560 ప్రాంతంలో పోర్చుగల్ నుంచి ఫ్రాన్సు రాజాస్థానానికి పొగాకును పంపిన జాన్ నికో అనే రాయబారి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చినది. జర్మనీ శాస్త్రజ్ఞులు 1828లో దానిని ఆకు నుంచి వేరుచేశారు. మొక్క దానిని వేళ్లలో తయారుచేసికొని ఆకులకు పంపుతుంది. పూమొగ్గ తొడగగానే రైతు తల తుంచితే ఆకులో నికోటిన్ పెరుగుతుంది. మొక్కకు దీనితో ఏమి అవసరం? పురుగుల నుంచి రక్షణ. నికోటిన్ నిజానికి ఒక పురుగుమందు. ఆకును కొరికిన పురుగు నరాలు వశం తప్పి చచ్చిపోతుంది. పైరు మీద పేనుబంకకు పొగాకు కషాయం చల్లిన పెద్దలకు ఇది అనుభవంలో ఉన్నదే.

పత్తి, మిరప వేసే రైతులు ఇమిడాక్లోప్రిడ్ మందు పేరు తప్పక విని ఉంటారు. పచ్చదోమకు, తామర పురుగుకు దానిని పిచికారీ చేస్తారు. ఆ వర్గపు మందులను నియోనికోటినాయిడ్లు అంటారు. పేరులోనే నికోటిన్ ఉన్నది. పురుగు నాడులలో నికోటిన్ ఏ తాళాన్ని తీస్తుందో, ఈ మందులు కూడ ఆ తాళాన్నే తీస్తాయి. ఇవి మనిషి తాళం కంటె పురుగు తాళానికే బాగా పట్టేటట్లు తయారైన తాళంచెవులు. నికోటిన్ అట్లా కాదు, మనిషి తాళానికి కూడ చక్కగా సరిపోతుంది. మంచుతో తడిసిన పచ్చి ఆకును ఉదయాన్నే కోసి మోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి రావడం ఇందువల్లనే. నికోటిన్ చర్మం గుండా కూడ శరీరంలోకి ఇంకుతుంది. తడి ఆరేవరకు ఆగడం, చేతులకు తొడుగులు వేసికొనడం, తడిసిన బట్టలు వెంటనే మార్చుకొనడం ఈ బాధకు విరుగుడు. కూలీలలో ఎక్కువమంది స్త్రీలు. వారి చేత పని చేయించే ఆసాములు ఈ మాట గుర్తుంచుకొంటే మంచిది.

తాళం ఎక్కడ ఉన్నది?

మన మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకొంటాయి. ఎసిటైల్‌కోలిన్ అట్టి రసాయనాలలో ఒకటి. దానిని అందుకొనే తాళాలను గ్రాహకాలు అంటారు. నికోటిన్ దొంగ తాళంచెవి వలె ఆ గ్రాహకాలలో దూరుతుంది. అప్పుడు మెదడు అడుగుభాగంలో ఉన్న కొన్ని కణాలు డోపమైన్ అనే మరొక రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఆకలిగొన్నవాడు అన్నం తిన్నప్పుడు, దాహంతో ఉన్నవాడు నీరు త్రాగినప్పుడు, "ఇది మేలైన పని, మరల చేయవలెను" అని మెదడు తనకు తాను చెప్పుకొనే పద్ధతి అది. జీవరక్షణకు ఏర్పడిన ఈ ఏర్పాటును పొగాకు తన పనికి వాడుకొంటుంది.

సిగరెట్టు పొగ ఊపిరితిత్తులకు చేరిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడును అందుకొంటుంది. పీల్చడానికీ ఫలితానికీ మధ్య వ్యవధి ఎంత తక్కువైతే అలవాటు అంత గట్టిగా నాటుకొంటుంది. చుట్టకు ఇక్కడ ఒక తేడా ఉన్నది. బ్యారన్‌లో పండబెట్టిన వర్జీనియా ఆకు పొగకు ఆమ్లగుణం ఉంటుంది. దానిలోని నికోటిన్ నోటి పొరల గుండా అంతగా ఇంకదు కాబట్టి, పొగను ఊపిరితిత్తుల దాకా లాగవలసి వస్తుంది. చుట్టపొగకు క్షారగుణం ఉంటుంది. అందుచేత పొగను మింగని చుట్టరాయునికి కూడ నోటి పొరల నుంచే నికోటిన్ అందుతుంది. ఖైనీలో సున్నం నలిపేది కూడ ఇందుకోసమే. సున్నం క్షారం కాబట్టి నికోటిన్‌ను విడగొట్టి త్వరగా ఇంకేటట్లు చేస్తుంది. "నేను పొగ మింగను", "నేను నమలడమే గాని కాల్చను" అని సమాధానం చెప్పుకొనేవారి మెదడుకు ఈ భేదాలు తెలియవు. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలకు ఉన్న అడ్డపొగ అలవాటు, అనగా నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చడం, అంగిటి క్యాన్సర్‌కు దారితీస్తున్నదని వైద్యులు ఏనాడో గుర్తించారు.

దొంగ తాళంచెవి రోజూ వచ్చి పోతుంటే మెదడు ఊరుకోదు. గ్రాహకాలు మొద్దుబారుతాయి. ఆ లోటు పూడ్చడానికి వాటి సంఖ్య పెరుగుతుంది. పొగత్రాగేవారి మెదడులో ఈ గ్రాహకాలు ఇతరులలో కంటె ఎక్కువగా ఉంటాయని పరిశోధనలలో తేలినది. నికోటిన్ రక్తంలో సుమారు రెండు గంటలకు సగానికి తగ్గుతుంది. అది తగ్గేకొద్దీ పెరిగిన గ్రాహకాలన్నీ ఖాళీ అయి, చిరాకు, అస్థిరత, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మరొక సిగరెట్టుతో అవి సర్దుకొంటాయి. "సిగరెట్టు కాలిస్తే గాని నాకు ప్రశాంతత ఉండదు" అనే మాట అబద్ధం కాదు. అయితే ఆ ప్రశాంతత కొత్తగా వచ్చినది కాదు, క్రిందటి సిగరెట్టు తీసికొనిపోయినది. వడ్డీ కట్టిన రోజున అప్పులవానికి కలిగే ఊరట వంటిది అది.

కాఫీ సంగతి వేరు

కాఫీని పొగాకుతో ఒకే త్రాసులో వేయడం సరికాదు. భారతదేశానికి కాఫీ తెచ్చినది కూడ ఒక యాత్రికుడే. బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుంచి వస్తూ ఏడు గింజలు తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటాడని చెప్పుకొంటారు. ఇప్పుడు మన అరకు కొండలలోనూ కాఫీ పండుతున్నది.

కాఫీ, టీలలోని కెఫీన్ కూడ మొక్క పురుగులను తరుమడానికి చేసికొన్న ఆయుధమే. అది మెదడులో చేసే పని మాత్రం వేరు. మనం మేలుకొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాలలో కూర్చున్నకొద్దీ నిద్ర ముంచుకొని వస్తుంది. కెఫీన్ ముందుగా వెళ్లి ఆ పీటల మీద కూర్చుంటుంది. అడినోసిన్ నిలబడి ఉంటుందే గాని వెళ్లిపోదు. అనగా కాఫీ అలసటను తీర్చదు, అలసట తెలియకుండా చేస్తుంది. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పీటలు ఖాళీ కాగానే నిలబడి ఉన్న అడినోసిన్ అంతా ఒక్కసారిగా కూర్చుంటుంది.

మహాశివరాత్రికి కోటప్పకొండకు వెళ్లి త్రికోటేశ్వర స్వామి సన్నిధిలో జాగరణ చేసే భక్తులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. రాత్రంతా టీల మీద మేలుకొని, తెల్లవారుజామున మరొక కప్పు త్రాగి, పిల్లాపాపలతో కారుకో ఆటోకో ముందు కూర్చోవడం ప్రమాదకరం. ఆ కప్పు పనిచేయడానికే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. పనిచేసిన తరువాత కూడ కొన్ని సెకన్ల పాటు కన్ను మూతపడటాన్ని అది పూర్తిగా ఆపలేదు. ఆ కొన్ని సెకన్లలోనే వాహనం రోడ్డు దిగిపోతుంది. టీ త్రాగిన వెంటనే వాహనం నిలిపి ఇరవై నిమిషాలు కునుకు తీయడం కొంత మేలు. జాగరణ చేయని మనిషి చేత బండి నడిపించడం అన్నింటికంటె మేలు.

ఏకాదశి ఉపవాసంలో మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతున్నదని చెప్పే భక్తులు చాలామంది. ఖాళీ కడుపు వలన కూడ తలనొప్పి రావచ్చును. కాని రోజూ రెండు మూడు కప్పులు త్రాగేవారు ఉపవాసం పేరిట కాఫీని కూడ మానితే, ఆ నొప్పికి కారణం కాఫీ లేకపోవడమే కావచ్చు. కెఫీన్ మెదడులోని రక్తనాళాలను కొద్దిగా బిగించి ఉంచుతుంది. అది అందకపోతే అవి వ్యాకోచిస్తాయి. చివరి కప్పు త్రాగిన 12 నుంచి 24 గంటలలో నొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజులకు తీవ్రమై, కొందరికి వారం దాకా ఉంటుంది. కాఫీ త్రాగి ఉపవాసం చేసిన ఏకాదశికి తల నొప్పి లేకపోతే, నేరం ఉపవాసానిది కాదని తేలిపోతుంది. అట్టివారు వారం ముందు నుంచి రోజుకు అరకప్పు చొప్పున తగ్గించుకొంటూ వస్తే బాధ ఉండదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువడిన మార్గదర్శకాలలో, రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించరాదని సూచించినది. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని ఆ సంస్థ లెక్క. మన కాఫీపొడిలో కలిపే చికోరీలో కెఫీన్ ఉండదు.

దీక్షలో ఒక చిక్కు

ఇంతవరకు రెండింటిని విడివిడిగా చూశాము. దీక్షాకాలంలో ఈ రెండూ ఒకచోట కలుస్తాయి. ఈ సంగతి చాలామంది స్వాములకు తెలియదు, తెలియక చాలా బాధ పడుతుంటారు.

శరీరంలోని కెఫీన్‌ను విరగగొట్టే పని కాలేయానిది. పొగాకు పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో ఆ పని చేసే ఎంజైమును ప్రేరేపిస్తాయి. అందుచేత పొగత్రాగేవారి శరీరం నుంచి కెఫీన్ త్వరగా పోతుంది. మాల వేసికొని పొగ మానిన కొద్ది రోజులలోనే ఆ ఎంజైము మామూలు స్థితికి వస్తుంది. కాఫీ మాత్రం ఎప్పటివలె నాలుగు కప్పులు సాగుతుంది. దీక్షలో సిగరెట్టు లేదు గదా అని ఐదవ కప్పు కూడ చేరుతుంది. ఫలితంగా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం కలుగుతాయి. స్వామి వీటిని పొగ మానినందువల్ల వచ్చిన బాధలుగా భావించి, "ఇక నా వల్ల కాదు" అని నిరాశ చెందుతాడు. ఆ బాధలో కొంత కాఫీది కావచ్చు. మాల వేసికొన్న వారంలోనే కాఫీ, టీలను సగానికి తగ్గించుకొంటే దీక్ష ఎంతో తేలికగా సాగుతుంది. గురుస్వాములు కొత్తగా మాల వేసికొనేవారికి చెప్పే నియమాలలో ఈ ఒక్క మాటను కూడ చేర్చుకొనవలసిందిగా మనవి.

ఉబ్బసానికి థియోఫిలిన్ మందు వాడేవారు పొగ మానుతున్న సంగతిని వైద్యునికి ముందుగా తెలుపవలెను. ఆ మందును కూడ విరగగొట్టేది ఆ ఎంజైమే. పొగ మానితే పాత మోతాదు ఎక్కువ కావచ్చు.

నలభై ఒకటి, నలభై రెండు

పొగ మానిన మొదటి మూడు రోజులు చాలా కష్టమైనవి. ఆ తరువాత బాధ తగ్గుతూ రెండు మూడు వారాలలో, మహా అయితే నాలుగు వారాలలో చాలవరకు శమిస్తుంది. మెదడులో పెరిగిన గ్రాహకాలు సర్దుకొనడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగ మానినవారి మెదడును పరీక్షించి 2009లో ఫలితాలను ప్రకటించారు. నెల గడిచినా గ్రాహకాలు ఎక్కువగానే ఉన్నవి. ఆరు నుంచి పన్నెండు వారాల నడుమ గాని అవి పొగత్రాగనివారి స్థాయికి చేరలేదు. మండల దీక్ష 41 రోజులు, అనగా ఆరు వారాలకు ఒక్క రోజు తక్కువ. మన పూర్వులకు గ్రాహకాల సంగతి తెలిసే మండలాన్ని నిర్ణయించారని కొందరు ఉత్సాహంతో చెప్పవచ్చు. అట్టి మాటలు భక్తికి అవసరం లేదు, శాస్త్రానికి నిలువవు. మనకు పనికివచ్చేది ఒక్కటే. దీక్ష ముగిసేనాటికి మెదడు సగం దారి దాటినది, గమ్యం చేరలేదు.

దీక్షలో అంత సులభంగా మానగలగడానికి కారణమేమి? దీనికి కొంత సమాధానం ఇజ్రాయెల్ నుంచి లభిస్తున్నది. నిష్ఠగల యూదులు శనివారపు సబ్బాతు రోజున నిప్పు ముట్టరు కాబట్టి పొగత్రాగరు. టెల్ అవీవ్‌కు చెందిన ర్యూవెన్ దార్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అట్టివారిని పరిశీలించి 2005లో ఒక వ్యాసం ప్రచురించారు. మామూలు రోజున పొగ మానమన్నప్పుడు కలిగిన తపన, చిరాకు సబ్బాతు రోజున అంతగా కలుగలేదు. శరీరం ఆ శరీరమే, నికోటిన్ లేకపోవడమూ అంతే. "ఈ రోజున అది లేదు" అని మనసు ఒప్పుకొన్నది. మెడలో మాల ఉన్న స్వామి స్థితి కూడ ఇట్టిదే. ఎదురుగా ఎవరు సిగరెట్టు వెలిగించినా "స్వామి శరణం" అనుకొని పక్కకు తొలగిపోతాడు.

ఆ పరిశోధకులే తరువాత విమానాలలో పనిచేసే సిబ్బందిని పరిశీలించారు. కొద్ది గంటల ప్రయాణంలోనూ, అంతకంటె దీర్ఘమైన ప్రయాణంలోనూ పొగ మీద తపన ఆకాశంలో ఉన్నంతసేపు తక్కువగానే ఉండి, విమానం నేలకు దిగబోయే సమయంలో పెరిగినది. చిన్న ప్రయాణం ముగింపులో కలిగిన తపన, పెద్ద ప్రయాణం నడిమధ్యలోని తపన కంటె ఎక్కువ. పొగ లేక ఎన్ని గంటలైనదన్న దానికంటె, ఎప్పుడు దొరకబోతున్నదన్న ఆశ వల్లనే మనసు ఎక్కువగా కదులుతున్నదన్నమాట.

శబరిమల నుంచి తిరిగివచ్చే బస్సు ఒంగోలు సమీపించేసరికి స్వామి మనసులో జరిగేది ఇదే కావచ్చు. మాల తీయగానే "లేదు" అన్నది "ఉన్నది" అవుతుంది. పాత స్నేహితులు, పాత టీ బంకు, భోజనానంతరపు పాత అలవాటు అన్నీ ఎప్పటివలె ఎదురు చూస్తుంటాయి. మకరజ్యోతి దర్శించి వచ్చేనాటికి పొలాలలో ఆకు కోత, బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఉండనే ఉన్నవి. "ఒక్క దమ్ముకు ఏమవుతుంది?" అనిపిస్తుంది. ఒకటి రెండు దమ్ములకే మెదడులోని ఈ గ్రాహకాలలో సగం నికోటిన్‌తో నిండిపోతాయని 2006లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. ఒక సిగరెట్టు పూర్తిగా కాలిస్తే పదింట ఎనిమిదికి పైగా నిండుతాయి. ఆరు వారాలు సర్దుకొంటూ వచ్చిన మెదడు పాత పాఠాన్ని ఆ ఒక్క దమ్ముతో జ్ఞాపకం చేసికొంటుంది.

కాబట్టి మాల విరమించే రోజుననే, పీఠం ముందు నిలిచి, పొగాకు విషయంలో మాత్రం మరొక మండలం నియమాన్ని పొడిగించుకొనడం మంచి ఉపాయం. ఆహార నియమాలు, భూశయనం, చన్నీటి స్నానం విరమించవచ్చు. పొగాకు ఒక్కటే "ఇప్పుడు లేదు" అన్న లెక్కలో ఉండిపోవాలి. రెండు మండలాలు కలిపి 82 రోజులు, పన్నెండు వారాలకు రెండు రోజులు తక్కువ. ఇంటివారు కూడ సహాయపడవచ్చు. మాల తీసిన రోజున ఇంట్లో అగ్గిపెట్టె, బూడిదగిన్నె కంటికి కనబడకుండా చూడాలి. మొదటి వారం భోజనం కాగానే బజారుకు పోనీయకుండా ఏదైనా పని చెప్పాలి. తపన ఒక్కొక్క పర్యాయం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు నామజపంతోనో, ఒక గ్లాసు మంచినీటితోనో గడిచిపోతే అది తగ్గిపోతుంది.

తమంతట తాము మానలేనివారికి నికోటిన్ చూయింగ్ గమ్, ఇతర మందులు ఉన్నవి. వైద్యుని సలహాతో వాటిని వాడడం నియమభంగం కాదు. కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చును. సిగరెట్టు పెట్టె మీదనే ఆ నంబరు అచ్చువేసి ఉంటుంది. ఈ సంవత్సరం మాల వేసికొనే స్వాములు పెట్టెను పారవేసే ముందు ఆ నంబరును వ్రాసి ఉంచుకొని, విరమణ రోజున చేతికి అందేచోట పెట్టుకొనవలసిందిగా కోరుతున్నాము.